డుంబ్రిగుడ నుంచి దోనె ప్రయాణం

పిల్లలూ! వాన వెలిసిన తరువాత వీధి కాలువలో కాగితపు పడవను వదిలి, అది మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా దాని వెంట పరుగెత్తని వారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. ఆ పడవ తరువాత ఎక్కడికి పోయిందన్న ప్రశ్న కూడా మీకు కలిగే ఉంటుంది. ఆ ప్రశ్నకు కాళ్ళతోనూ తెడ్లతోనూ జవాబు వెతకటమే నదీ ప్రయాణం.

ఈ నెల మనం అటువంటి ప్రయాణానికి సన్నాహం చేద్దాం. ఐదుగురు మిత్రులు ఉన్నారనుకోండి. ముగ్గురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. అందరిదీ డుంబ్రిగుడ. సంక్రాంతి సెలవులలో దోనె ఎక్కి, తమ ఊరి నీటి వెంట కొన్ని రోజులు ప్రయాణం చేయాలని వాళ్ళకు బుద్ధి పుట్టింది. ఆ ఐదుగురిలో మీరూ ఒకరనుకుని ఈ పాఠం చదవండి. ప్రయాణానికి వారం రోజులు చాలు గాని, సన్నాహానికి ఆరు నెలలు కావాలి. ఎందుకో చెబుతాను.

ముందు మీ ఊరు ఎక్కడ ఉన్నదో చూడండి. డుంబ్రిగుడ తూర్పు కనుమల మీద, అరకు లోయకు పక్కనే ఉన్నది. ఇది ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022లో పాడేరు ముఖ్య పట్టణంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. విశాఖపట్నం నుంచి కిరండూల్ పోయే రైలు సొరంగాలు దాటుకుంటూ కొండ ఎక్కి, శిమిలిగుడ స్టేషను దగ్గర సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అరకు ప్రాంతమంతా ఇంచుమించు ఆ ఎత్తునే పరచుకుని ఉన్న కొండ పీఠభూమి. దాన్ని లోయ అంటున్నామంటే, చుట్టూ అంతకంటె ఎత్తయిన కొండలు ఉండటం వల్లనే.

వలిసె పూలు పూసే రోజులలో ఇక్కడి పొలాలు పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. రాగులు, సామలు, పసుపు, రాజ్మా, కాఫీ, మిరియాలు పండుతాయి. కొండల మధ్య నుంచి చిన్న చిన్న ఏళ్ళు పారుతూ ఉంటాయి. ఈ ప్రాంతంలో వాటిని గెడ్డలంటారు. డుంబ్రిగుడ మండలంలోనే ఒక గెడ్డ వెడల్పాటి బండ మీద పలచగా పరచుకుని పారుతుంది. చాప పరిచినట్టున్న ఆ రాతిని బట్టి ఆ చోటిని చాపరాయి అంటారు. దాన్ని చూడటానికి దూర ప్రాంతాల నుంచి జనం వస్తారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నీరు ఎక్కడికి పోతుంది?

సముద్రం తూర్పున ఉన్నది గనక నీరు తూర్పుకే పోతుందని మీరు అనవచ్చు. నేను బడిలో భూగోళం చెప్పే రోజులలో పిల్లలు చాలామంది ఆ జవాబే చెప్పేవారు. కాని నీరు దిక్కులను చూడదు, పల్లాన్ని చూస్తుంది. ఇంటి కప్పు మీద వాన పడినప్పుడు నడికప్పుకు ఇటు పడిన చినుకు ఇటు వైపుకూ, అటు పడిన చినుకు అటు వైపుకూ జారుతుంది గదా! కొండలకూ అలాంటి నడికప్పు ఉంటుంది. దాన్ని జలవిభాజకం అంటారు.

అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది ఆ నడికప్పుకు తూర్పు వైపుది. అది బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయం మీదుగా పారి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాని దారి దగ్గరి దారి. డుంబ్రిగుడ గెడ్డలది అలా కాదు. అవి సముద్రానికి వీపు తిప్పి, పడమటి వైపు బయలుదేరుతాయి. పోయి పోయి మత్స్యగెడ్డ నీటిలో చేరుతాయి. మాడుగుల కొండలలో పుట్టి, పాడేరు వైపు నుంచి ఉత్తరంగా పారే ఆ నదినే పటాలలో మాచ్‌ఖండ్ అని రాస్తారు. అది ఆంధ్ర ప్రదేశ్, ఒడిశా సరిహద్దు వెంట సాగి, కిందికి దిగిన తరువాత సీలేరు అనే పేరు తెచ్చుకుంటుంది. సీలేరు మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పాపికొండల నడుమ నుంచి దూరి, రాజమహేంద్రవరం దాటి సముద్రం చేరుతుంది.

చూశారా! చాపరాయి మీద మీ కాలికి తగిలిన నీటికి నాలుగు పేర్లు మారితే గాని సముద్రం కనబడదు. ఈ వరసను ఒక కాగితం మీద రాసుకోండి. ఇదే మన ప్రయాణపు మొదటి కాగితం.

రెండవ కాగితం మీద రాయవలసినది కొంచెం కష్టమైన మాట. ఈ దారి అంతా దోనె మీద పోవటం సాధ్యం కాదు.

ఈ మాట వినగానే మన ఐదుగురి ముఖాలు చిన్నబోతాయి. కాని ఆలోచించండి. డుంబ్రిగుడ గెడ్డలలో ఎండాకాలం నీరు చీలమండలదాకానే ఉంటుంది; బండల మధ్య దోనె కదలదు. వానాకాలం నీరు నిండుగా ఉంటుంది. కాని అప్పుడది దోనెను రాతికేసి కొడుతుంది. చాపరాయి వంటి చోట నాచు పట్టిన బండ మీద మనిషే నిలదొక్కుకోలేడు. గనక మొదటి భాగం నడక. గెడ్డ వెంట ఒకటి రెండు రోజులు నడిచి, నీరు ఎలా పెద్దదవుతుందో చూడటమే మన మొదటి అంకం.

రెండవ భాగంలో మత్స్యగెడ్డ ఉన్నది. పేరులోనే చేప ఉన్న ఈ నదిలో మత్స్యగుండం అనే మడుగు ఒకటి ఉన్నది. అక్కడి చేపలను ఎవరూ పట్టరు, దైవంగా చూసుకుంటారు. ఇంకా కిందికి పోతే జోలాపుట్టు జలాశయం వస్తుంది. అక్కడ ఆపిన నీటితో మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955 నుంచి కరెంటు తయారు చేస్తున్నది. ఆ దిగువన డుడుమా జలపాతం. నది అక్కడ సుమారు 175 మీటర్లు కిందికి దూకుతుంది. ఒకదాని మీద ఒకటి యాభై అంతస్తులు పేర్చినంత ఎత్తు! దాని తరువాత బలిమెల జలాశయం, ఆపైన సీలేరు మీద మళ్ళీ ఆనకట్టలు, విద్యుత్కేంద్రాలు. ఇటువంటి నదిలో వాన లేకపోయినా నీరు హఠాత్తుగా పెరగవచ్చు. విద్యుత్కేంద్రం నుంచి నీరు వదిలితే, అప్పటిదాకా పొడిగా ఉన్న బండ గంటలో మునిగిపోతుంది. గనక ఈ భాగంలో దోనె మాట తలపెట్టరాదు. ఇక్కడ మనకు బస్సే వాహనం.

ఉత్తర అమెరికా ఆదివాసులు బర్చ్ చెట్టు బెరడుతో తేలికైన దోనెలు చేసుకునేవారు. జలపాతం వచ్చిన చోట దోనెను తలకిందులుగా భుజాల మీదికి ఎత్తుకుని, ఒడ్డు వెంట నడిచి, దిగువన మళ్ళీ నీటిలో పెట్టేవారు. నది ఒప్పుకోని చోట ఒడ్డు ఎక్కటం వాళ్ళకు తెలిసిన విద్య. మనం దోనెకు బదులు మూటలు ఎత్తుకుని బస్సు ఎక్కుతున్నాం, తేడా అంతే.

బస్సులో పోతూ కిటికీలోనుంచి ఊరకే చూసి ఊరుకోకండి. ముంచంగిపుట్టు, పెదబయలు మండలాలలో జలాశయపు నీరు ఊళ్ళ మధ్యకు చొచ్చుకుని వచ్చిన చోట్ల, నాటుపడవలు మీకు కనిపిస్తాయి. అవి వినోదానికి కావు. సంతకు పోవాలన్నా, రేషను తెచ్చుకోవాలన్నా, జబ్బు పడిన వాణ్ణి ఆసుపత్రికి చేర్చాలన్నా కొన్ని ఊళ్ళకు అదే దారి. బలిమెల జలాశయం కట్టినప్పుడు ఒడిశాలో సుమారు 150 ఊళ్ళు మూడు వైపులా నీటితోనూ, నాలుగో వైపు అడవి కొండలతోనూ తెగిపోయాయి. 2018 జూలైలో గురుప్రియా వంతెన తెరిచేదాకా, దాదాపు అర్ధ శతాబ్దం ఆ ఊళ్ళవారు పడవనే నమ్ముకుని బతికారు. మనం సరదాకు ఎక్కబోయే పడవను, అక్కడి పిల్లలు అవసరానికి ఎక్కారు. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే, రేవులో సరంగు చెప్పిన మాటను ఎవరూ తేలికగా తీసివేయరు.

ఇక మూడవ భాగం, అసలైన దోనె ప్రయాణం. సీలేరు వచ్చి కలిసిన తరువాత శబరి వెడల్పు అవుతుంది. మోటు, కుంట, చింతూరు, కూనవరం—ఈ ఊళ్ళ పక్కగా నది సాగుతుంది. మోటు ఒడిశాలో, కుంట ఛత్తీస్‌గఢ్‌లో, చింతూరు, కూనవరం ఆంధ్ర ప్రదేశ్‌లో ఉన్నాయి. మూడు రాష్ట్రాలను ఒక దోనెలో కూర్చుని చూడవచ్చునన్న మాట! వానలు వెళ్ళిన తరువాత ఇక్కడ ఇసుక తిన్నెలు బయటపడతాయి. పగటి పూట పోయి, పొద్దు వాలకముందే ఒడ్డు చేరటానికి వీలుంటుంది. మన దోనెలు ఇక్కడ నీటిలో దిగుతాయి.

ఈ దూరం ఎంత? ఎవరినో అడగవద్దు, మీరే కొలవండి. నది మలుపులు స్పష్టంగా ఉన్న పటం తీసుకోండి. ఒక దారాన్ని తడిపి, మోటు దగ్గర నుంచి నది వంపుల మీదుగా పరుచుకుంటూ కూనవరం దాకా తీసుకుపోండి. తరువాత ఆ దారాన్ని స్కేలు మీద సాగదీసి చూడండి. పటంలో ఒక సెంటీమీటరుకు ఐదు కిలోమీటర్లనీ, దారం ఎనిమిది సెంటీమీటర్లు వచ్చిందనీ అనుకోండి. ఎనిమిది ఐదులు నలభై. పటం చిన్న మలుపులను చూపదు గనక దానికి పావు వంతు కలపండి, యాభై. కొత్తవాళ్ళు తెడ్డు వేస్తూ, ఆగుతూ, వండుకుని తింటూ రోజుకు పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే నాలుగు రోజులు. అక్కడితో లెక్క అయిపోలేదు. ఒక రోజు అదనంగా వేసుకోండి. గాలి ఎదురైనా, ఎవరికైనా జ్వరం వచ్చినా ఆ రోజు అక్కరకు వస్తుంది. ఏమీ కాకపోతే, ఇసుక తిన్నె మీద గోళీలు ఆడుకోవచ్చు.

ఇక ఎప్పుడు పోవాలి? జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షాలు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను అరకు కొండల మీది చెట్లను కూడా పడగొట్టింది. ఏప్రిల్, మే నెలలలో శబరి, గోదావరి ఒడ్డున ఎండ నిప్పులు చెరుగుతుంది. నీరు తగ్గి దోనె అడుగు ఇసుకను రాసుకుంటుంది. మిగిలినవి డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. సంక్రాంతి సెలవులు సరిగా ఆ నడుమనే వస్తాయి. అందువల్లనే మన ఐదుగురి ఎంపిక మంచిదన్నాను. కాని కొండ మీద ఆ రోజులలో చలి వణికిస్తుంది. మొదటి రెండు రాత్రులకు కంబళ్ళు తప్పవు.

ఇప్పుడు దోనె సంగతి. ఒకే మాను తొలిచి చేసిన దోనెలు మన దేశంలో చాలా పాతవి. కొల్లేటిలో తాటి మాను తొలిచి చేసిన దోనెల మీద చేపలు పట్టేవారు. పలకలు బిగించి చేసినవి నాటుపడవలు. ఏదైనా సరే, అది ఎందుకు తేలుతుందో తెలిసినవాడే దాన్ని ఎక్కాలి.

పడవ తాను మునిగిన మేరకు నీటిని పక్కకు నెడుతుంది. ఆ నెట్టిన నీటి బరువు ఎంతో, అంత బరువును నీరు మోస్తుంది. ఇది ఆర్కిమెడిస్ కనిపెట్టిన సూత్రం. దీనితో మన లెక్క మనం వేసుకోవచ్చు. పడవ నీటి మీద మూడు చదరపు మీటర్ల మేర ఆక్రమించిందనుకోండి. అది ఒక సెంటీమీటరు దిగితే ముప్ఫై లీటర్ల నీరు పక్కకు పోతుంది. ముప్ఫై లీటర్ల నీటి బరువు ముప్ఫై కిలోలు. అంటే ప్రతి ముప్ఫై కిలోలకూ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది.

పడవలో సరంగు అరవై కిలోలు, ఒక పెద్దమనిషి అరవై, ముగ్గురు పిల్లలు నలభైల చొప్పున నూట ఇరవై, మూటలు ముప్ఫై—మొత్తం 270 కిలోలు. పడవ తొమ్మిది సెంటీమీటర్లు దిగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు అంచు నీటికి ముప్ఫై రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, ఇప్పుడు ఇరవై మూడు మిగిలింది. జానెడు ఎడం అన్న మాట. ఇది చాలు. “ఇంకా నలుగురు పడతారు, ఎక్కండి!” అని ఎవరైనా అన్నారనుకోండి. వాళ్ళ బరువు 240 కిలోలు. మరి ఎనిమిది సెంటీమీటర్లు పోయి పదిహేనే మిగులుతుంది. అప్పుడు ఒకడు లేచి నిలబడి పక్కకు ఒరిగితే చాలు, నీరు అంచు దాటి లోపలికి వస్తుంది. చోటు ఉన్నంత మాత్రాన పడవ మోస్తుందని కాదు. పడవలో చోటు కళ్ళకు కనబడుతుంది; బరువు లెక్కకు మాత్రమే కనబడుతుంది.

నీటి వడిని కొలవటం ఇంకా సులువు. ఒడ్డున ఇరవై మీటర్లు అడుగులతో కొలిచి రెండు గుర్తులు పెట్టండి. పై గుర్తు దగ్గర ఒక అడ్డాకును నీటిలో వేయండి. అది కింది గుర్తు దాటటానికి ఇరవై సెకండ్లు పడితే, నీరు సెకండుకు ఒక మీటరు చొప్పున పోతున్నదన్న మాట. అంటే గంటకు మూడు కిలోమీటర్ల ఆరువందల మీటర్లు. పది సెకండ్లే పడితే వడి రెట్టింపు. కాని నీరు మిమ్మల్ని నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు! అందువల్లనే మోకాలు లోతు నీరు కూడా వడిగా ఉంటే పెద్దవాణ్ణి పడదోస్తుంది. ఈ పరీక్షను మీ ఊరి గెడ్డ దగ్గర ఒడ్డునే నిలబడి, పెద్దవాళ్ళు తోడుండగా చేయవచ్చు.

దోనెలు, దూరం, కాలం తేలాయి. ఇక మిగిలింది అన్నిటికంటె కష్టమైనది, మనుషుల సంగతి.

మన ఐదుగురిలో నలుగురికి ఈత వచ్చు, ఒకడికి రాదనుకోండి. ఏం చేస్తారు? వాణ్ణి వదిలి పోదామని ఒకరు, “ఏమీ కాదు, తీసుకుపోదాం” అని ఇంకొకరు అంటారు. రెండూ సరి కాదు. ఆరు నెలల ముందే సన్నాహం మొదలుపెట్టాలని ఎందుకు అన్నానో ఇప్పుడు తెలిసిందా? ఆ ఆరు నెలలలో ఈత వచ్చిన పెద్దవాళ్ళ దగ్గర వాడు నేర్చుకోవచ్చు. అప్పటికీ రాకపోతే, వాడు నడక భాగంలోనూ బస్సు భాగంలోనూ మీతో ఉంటాడు. దోనె భాగంలో ఒడ్డు వెంట సామాను బండితో వచ్చి సాయంకాలం మిమ్మల్ని కలుస్తాడు. ఆ పని చిన్నది కాదు. ఒడ్డున ఒక మనిషి ఉన్నాడంటే, నీటి మీద ఉన్నవారికి ధైర్యం. ఈత వచ్చినా రాకపోయినా దోనె ఎక్కిన ప్రతివారికీ, సరంగుతో సహా, లైఫ్ జాకెట్ ఉండాలి. అది దిండుగా తలకింద పెట్టుకోవటానికి కాదు. తాళ్ళు బిగించి తొడుక్కోవటానికి.

పిల్లలు తమంతట తాము నది మీద పోరాదు. ఐదుగురికీ తోడు ఇద్దరు పెద్దలు, ఆ నది తెలిసిన ఇద్దరు సరంగులు కావాలి. రెండు దోనెలు. తిండి, మందులు, అగ్గిపెట్టెలు రెండు దోనెలలోనూ సమంగా సర్దాలి. దీనికి ఒక పాత కథ ఉన్నది, వినండి.

1869 మే 24న అమెరికాలో జాన్ వెస్లీ పొవెల్ అనే ఆయన మొత్తం పదిమందితో, నాలుగు పడవలలో కొలరాడో నది లోయలను చూడటానికి బయలుదేరాడు. ఆయనకు ఒక చెయ్యి లేదు, యుద్ధంలో పోయింది. అయినా ఆ ప్రయాణానికి నాయకుడు ఆయనే. రెండు మూడు వారాలలోనే ఒక పడవ బండలకు తగిలి ముక్కలయింది. అందులోని తిండి, సామాను పోయాయి. కాని తిండిని పడవలకు పంచి పెట్టి ఉండటం వల్ల మిగిలినవారు ప్రయాణం సాగించగలిగారు. అసలు కష్టం చివరలో వచ్చింది. నిట్టనిలువు గోడల నడుమ భయంకరమైన పరవళ్ళు కనబడ్డాయి. “ఇక నీటి మీద పోము” అని ముగ్గురు అన్నారు. “పోదాం” అని తక్కినవారు అన్నారు. ఆగస్టు 28న ఆ ముగ్గురూ గోడ ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. రెండు రోజులకు మిగిలిన ఆరుగురు క్షేమంగా లోయ దాటారు.

ఎవరిది తప్పు అని అడగకండి. ఆ ముగ్గురూ పిరికివాళ్ళు కారు; మూడు నెలలు అందరితోనూ సమంగా తెడ్డు వేసినవారే. మనం చూడవలసింది వేరే ఉన్నది. కొందరు పోదామని, కొందరు వద్దని అన్నప్పుడు ఏం చేయాలన్న నిర్ణయం నది మధ్యలో చేసేది కాదు. అక్కడ ఆకలి ఉంటుంది, అలసట ఉంటుంది, భయం ఉంటుంది. ఆ నిర్ణయం ఇంటి దగ్గర, కడుపు నిండా తిని చాప మీద కూర్చున్నప్పుడు చేయాలి.

గనక మన మూడవ కాగితం మీద ఈ నియమం రాసుకోండి. ఐదుగురిలో ఏ ఒక్కరు “ఇక్కడ నాకు భయంగా ఉన్నది, దిగుదాం” అన్నా అందరూ దిగాలి. ఎందుకని అడగరాదు. తరువాత ఎగతాళి చేయరాదు. పెద్దలు కూడా దీనికి కట్టుబడి ఉండాలి. ఈ నియమం వల్ల ప్రయాణం కొంచెం ఆలస్యం అవుతుంది. కాని భయం దాచుకుని నవ్వే స్నేహితుడు మీ మధ్య ఉండడు. ఎగతాళి చేస్తారని నోరు మూసుకున్నవాడే నీటి మీద అందరికంటె పెద్ద ప్రమాదం.

సామాను విషయం. సూర్యుడు అస్తమించేలోపల గుడారం వేసుకోవాలి. దోమతెరలు మరవరాదు, ఇవి మలేరియా ఉన్న అడవి ప్రాంతాలు. నదిలో నీరు ఎంత తేటగా ఉన్నా మరగకాచి తాగాలి. బియ్యం, పప్పు, రాగిపిండి, బెల్లం, ఉప్పు—ఇవి చాలు. ఉదయం రాగి అంబలి తాగితే మధ్యాహ్నందాకా ఆకలి వేయదు. తినటానికి అడ్డాకుల విస్తళ్ళు. వాటిని తరువాత మట్టిలో పూడ్చవచ్చు. ప్లాస్టిక్ కాగితం ఒక్కటి కూడా ఒడ్డున వదలరాదు. మోకులు రెండు, నీళ్ళు తోడి పోయటానికి దోనెకొక చెంబు, టార్చి లైట్లు, ఈల ప్రతివారి మెడలో ఒకటి. సెల్ ఫోను అన్ని చోట్లా పలకదు. ఈల ఎక్కడైనా పలుకుతుంది.

దారిలో ఊళ్ళున్నాయి. అడవి గదా అని మీ ఇష్టం వచ్చిన చోట దిగకూడదు. మీరు గుడారం వేసే ఇసుక తిన్నె ఎవరో పుచ్చకాయలు పండించుకునే చోటు కావచ్చు. మీరు స్నానం చేసే రేవు ఆ ఊరి తాగు నీటి రేవు కావచ్చు. ముందు ఊరి పెద్దలను కలిసి అడగండి. డుంబ్రిగుడ పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉన్నది. మీలో చాలామంది ఇంట్లో ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు మాట్లాడతారు. మోటు దగ్గర ఒడియా పనికి వస్తుంది. చింతూరు, కూనవరం వైపు కోయవారి ఊళ్ళు ఎక్కువ. కోయ భాషలో నాలుగు మాటలు నేర్చుకుని పోతే నలభై నవ్వులు ఎదురు వస్తాయి. ఏ మడుగులో మొసలి ఉన్నదో, ఎక్కడ సుడిగుండం ఉన్నదో పటంలో ఉండదు. ఆ ఊరివారికే తెలుసు. అటవీ శాఖ వారి అనుమతీ, పోయే దారిలోని పోలీసు స్టేషన్లలో పేర్లు ఇవ్వటమూ పెద్దలు చూసుకోవలసిన పనులు.

ప్రయాణం ఎక్కడ ముగించాలి? కూనవరంలో. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు చూడగానే, “ఇంకొంచెం పోదాం, పాపికొండలు కూడా చూద్దాం” అని మీకు తప్పక అనిపిస్తుంది. అక్కడే ఆగాలి. గోదావరి వేరే నది, వేరే బలం. ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తి చేయించిన కాటన్ దొర, పై గోదావరిలో కూడా పడవలు నడపాలని కలగన్నాడు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టారు, కాలువ తవ్వారు. కాని బండలు అడ్డం వచ్చి, ఖర్చు పెరిగి, 1871లో ఆ పని మానివేశారు.

ఇంకా దగ్గరి సంగతి చెబుతాను. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన పెద్ద పడవ ఒకటి దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. డెబ్బైమందికి పైగా ఎక్కితే 26 మందే బతికి బయటపడ్డారు. అది మన దోనెకంటె ఎన్నో రెట్లు పెద్ద పడవ. ఇంజను ఉన్న పడవ. వరద రోజున నది ముందు పడవ పెద్దదా, చిన్నదా అన్న తేడా ఉండదు. ఇప్పుడు పోలవరం దగ్గర కడుతున్న ప్రాజెక్టు వల్ల, 2021లో నదిని స్పిల్‌వే మీదికి మళ్ళించిన తరువాత, ఎగువన నీటి మట్టాలు కూడా మారాయి. తాతలు చెప్పిన గోదావరి, పాత పుస్తకాలలోని గోదావరి ఇప్పుడు అదే తీరున లేదు. పాపికొండలు చూడాలని ఉంటే ఇంకొకసారి, అనుమతి పొందిన పడవ మీద, నది శాంతంగా ఉన్న రోజున ఇంటివారితో కలిసి పోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఈ పటమూ దారమూ తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు, “ఇవన్నీ నీకెందుకు?” అనకండి. పోవటం, పోకపోవటం మీ నిర్ణయం. కాని లెక్క వేయటం వాళ్ళను వేయనివ్వండి. పడవ ఎంత బరువు మోస్తుందో ఒకసారి తన చేత్తో లెక్క కట్టిన పిల్లవాడు, రేపు ఏ రేవులోనైనా కిక్కిరిసిన పడవను చూసి, “నేను తరువాతి పడవకు వస్తాను” అనగలుగుతాడు. అది నేర్చుకుంటే శబరి చూడకపోయినా నష్టం లేదు.

పిల్లలూ, నాలుగవ కాగితం ఒకటి మిగిలింది. దాని మీద తిరిగి రావటానికి కారణాలు రాయండి. ఉదయం ఒడ్డున పాతిన పుల్ల కంటె నీరు జానెడు పెరిగితే ఆ రోజు ప్రయాణం లేదు. తేటనీరు ఎర్రబడితే ఎగువన వాన పడిందని అర్థం, ప్రయాణం లేదు. సరంగు వద్దంటే లేదు. ఒకరికి జ్వరం వస్తే లేదు. ఈ కాగితం కింద ఐదుగురూ చేవ్రాలు చేసి, దాన్ని రెండు దోనెలలోనూ ఒక్కొక్క ప్రతి పెట్టుకోండి.

ఈలోగా చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానికి దోనె అక్కరలేదు. వచ్చే ఆదివారం మీ నాన్నగారినో మాస్టారినో వెంటబెట్టుకుని, మీ ఊరి గెడ్డ ఎక్కడ పుడుతున్నదో, ఏ గెడ్డలో కలుస్తున్నదో నడిచి చూసి రండి. దానిని ఒక పటంగా గీయండి. ఎంత చిన్న గెడ్డ అయినా సరే, దాని పేరు రాయటం మరవకండి. గోదావరి అనే పెద్ద పేరు అలాంటి చిన్న పేర్లన్నీ కలిస్తే వచ్చినదే.